దొరువులో గూడబాతు

మా అవ్వ గదిలో కిటికీ తెరిస్తే పక్క అపార్టుమెంటు గోడ కనిపిస్తుంది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఆవిడకు ఆ గోడే లోకమైంది. ఎనభై ఆరేళ్ళ మనిషి. ఒకరోజు నన్ను దగ్గరకు పిలిచి, "పాపా, బళ్ళో పిలకాయలందరికీ బొమ్మలు నేర్పిస్తావు గదా. నాకొకటి ఎయ్యకూడదా? ఆ గోడ చూడలేకుండా ఉండా" అంది.

నేను హైదరాబాదులో ఒక బడిలో డ్రాయింగ్ టీచరును. అవ్వ పుట్టింది నెల్లూరు తీరాన, చిట్టమూరు మండలంలో ఒక పల్లెలో. ఆ పక్కనే పులికాట్ సరస్సు. పులికాట్ అంటే ఫ్లెమింగోలు. ఇంక ఆలోచించడానికేముంది? ఫొటోలు ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాను. నీలి నీళ్ళు, గులాబి పక్షులు, వెనకాల దిగిపోతున్న సూర్యుడు. ఫ్రేము కట్టించి మరీ తీసుకెళ్ళాను. అవ్వ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగుండాది పాపా. అంగడోళ్ళు ఇచ్చే క్యాలెండరు మాదిరిగా ఉండాది."

నా మొహం చూసి జాలిపడింది కాబోలు, "మా నీళ్ళు ఇంత నీలంగా యాడుంటాయే? బియ్యం కడిగిన నీళ్ళట్టా ఉంటాయి" అని సర్దబోయింది. మరేం వేయమంటావు అని అడిగితే ఒక్క మాటే చెప్పింది.

"దొరువు."

అదేమిటో నాకు తెలియదు. పొలం పక్క గుంట అని మా అమ్మ చెప్పింది. "గుంటలో ఏముంటుందవ్వా చూడ్డానికి?" అన్నాను. "గూడబాతులు" అని, అటు తిరిగి పడుకుంది. గుంటలో గూడబాతులేమిటో, అవి చెట్ల మీద కదా ఉండేది అనుకున్నాను. మతిమరుపని కూడా అనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో రంగుల పెట్టె సంచిలో పెట్టుకుని రైలెక్కింది ఆ అనుమానం తీర్చుకోవడానికే.

తెల్లవారి గూడూరులో దిగి, నాయుడుపేట బస్సెక్కాను. రోడ్డుకు రెండు పక్కలా పచ్చటి వరి. మిగతా రాష్ట్రమంతా కొత్త బియ్యంతో పొంగలి పెట్టుకునే వేళకు ఇక్కడ పైరు ఇంకా నడుం ఎత్తు కూడా లేదు. ఈ సీమకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. చెరువులు నిండేది అప్పుడే, నాట్లు పడేది అప్పుడే, పక్షులు దిగేదీ అప్పుడే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిట్టమూరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన్ను "మీదే జిల్లా?" అని అడిగితే తడుముకోకుండా "నెల్లూరు" అన్నాడు. ఆ తర్వాత "కాయితాల్లో తిరుపతిలే" అని కలిపాడు.

నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి కనిపించింది. ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఎగువన శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ళు బట్ట ఉతికేది ఈ నదిలోనే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో బట్ట నానబెట్టి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో ఊరబెట్టిన ద్రవంతో గీతలు గీస్తారు. ఆ ద్రవం కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లగా తిరుగుతుంది. పటిక పెట్టినచోటే ఎరుపు పడుతుంది. ప్రతి దశకూ మధ్య బట్టను పారే నీళ్ళలో జాడించాలి. నీటి గుణాన్ని బట్టి రంగు తేలుతుందని ఆ పనివాళ్ళ అనుభవం. ఒకే కరక్కాయ, ఒకే పటిక అయినా నీళ్ళు మారితే ఎరుపు మారుతుంది. అవ్వ అన్నది కూడా నీళ్ళ గురించే కదా అని గుర్తొచ్చింది. నేను నా నీలాన్ని ట్యూబులోంచి పిండాను.

మొదటి రోజు నా ఆశ కొద్దీ పక్షుల కోసమే ఉంచుకున్నాను. నాయుడుపేట నుంచి సూళ్ళూరుపేట దారిలో దొరవారిసత్రం. దాని దగ్గరే నేలపట్టు. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం 458.92 హెక్టార్లు. అందులో చెరువు తక్కువే, మిగతాది చిట్టడవి. ఆ చెరువులో కడప చెట్లున్నాయి. నెలల తరబడి మొదలు నీళ్ళలో మునిగినా చావని చెట్లు. కాయలు కాసినంత దగ్గర దగ్గరగా వాటి మీద గూళ్ళు. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు, అన్నిటికంటే పైన, అన్నిటికంటే బరువుగా గూడబాతులు.

పెలికాన్ అనే మాట పక్కన పెట్టి గూడబాతు అని నోటితో ఒకసారి అని చూడండి. గూడ అంటే కాలవలో నీళ్ళు పైచేలోకి తోడి పోసే బుట్ట. ఇద్దరు చెరో పక్కా నిలబడి తాళ్ళు పట్టుకుని ఊపుతూ ముంచి పోస్తారు. ముక్కు కింద ఆ బుట్ట వేలాడేసుకుని తిరిగే పక్షికి పొలంలో నిలబడ్డవాడు పెట్టిన పేరిది. నీళ్ళు ముంచడం, చేపతో సహా పైకెత్తడం, నీళ్ళు వదిలేయడం. బొమ్మ మొత్తం పేరులోనే ఉంది.

నేలపట్టు వాళ్ళు ఈ పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వరు. రెట్ట పడిన చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువు వేసినట్టే. పక్షులు రాని ఏడు వానలు లేని ఏడు. ఇది భక్తి, లెక్క రెండూ కలిసిన స్నేహం. మంచె ఎక్కి రెండు గంటలు స్కెచ్చులు వేశాను. గూళ్ళలో పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తింటుంటే పెన్సిలు ఆపి చూస్తూ ఉండిపోయాను. ఒక్క గూడబాతూ గుంటలో దిగలేదు. అన్నీ చెట్ల మీదే. అవ్వది మతిమరుపేనని అక్కడ ఖాయం చేసుకున్నాను.

మధ్యాహ్నం సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టాను. సరస్సు నడుమ నుంచే పోతుంది ఆ రోడ్డు. ఆ కొసన రాకెట్లు ఎగిరే కేంద్రం, ఈ కొసన వలలు ఆరేసుకునే పల్లెలు. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌ది, దక్షిణపు కొస తమిళనాడుది. పేరుకు సరస్సు గానీ చాలాచోట్ల మోకాలి లోతు మించదు. ఉత్తరాన వాకాడు మండలంలో రాయదొరువు దగ్గర సముద్రంలోకి తెరుచుకునే నోరు ఇసుకతో పూడుకుపోతూ ఉంటుంది. అందుకే ఈ వైపు ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోయి బీడు తేలుతుంది. రాయదొరువు అన్న పేరు మ్యాపులో చూసినప్పుడు అవ్వ మాట మెదిలింది. అంటే అది ఒక్క ఇంటి మాట కాదు, ఈ తీరం మాట.

ఫ్లెమింగోలు దూరంగా ఒక గీతలా ఉన్నాయి. బైనాక్యులర్లో చూస్తే ఆ గీత కదులుతోంది. నేను ట్యూబులోంచి పిండినంత గులాబి ఎక్కడా లేదు. తెలుపు, రెక్క విప్పినప్పుడు ఎరుపు, మధ్యలో బూడిద రంగువి కొన్ని. అవి పిల్లలు. ఫ్లెమింగో ఆ రంగుతో పుట్టదు. నీళ్ళలోని నాచులోనూ సన్నటి రొయ్య పురుగుల్లోనూ ఉండే ఎర్రటి పదార్థం ఏళ్ళ తరబడి తిని తిని ఒంటికి పట్టించుకుంటుంది. తినే తీరు ఇంకా విచిత్రం. తల పూర్తిగా తలకిందులు చేసి, ముక్కు పైభాగం బురదకు ఆనించి, నీళ్ళు వడగట్టుకుంటుంది. అది తింటున్నంతసేపూ లోకాన్ని తలకిందులుగానే చూస్తుంది.

గట్టు మీద కూర్చుని నీళ్ళ రంగు కలపడానికి ప్రయత్నించాను. మబ్బు పట్టిన మధ్యాహ్నం. నీలం పనికిరాలేదు. కాస్త పసుపు మట్టి, రవంత నలుపు, బోలెడు నీళ్ళు. కాయితం మీద ఆరాక చూస్తే నిజంగానే కడుగు నీళ్ళ రంగు. ఒక విషయంలో అవ్వ గెలిచింది.

ఆ రాత్రి సూళ్ళూరుపేట లాడ్జిలో చిత్రకారుడు వాన్ గోహ్ గుర్తొచ్చాడు. 1890 జనవరి 31న అతని తమ్ముడు తియోకు కొడుకు పుట్టాడు. అన్న పేరే పెట్టుకున్నారు. వాన్ గోహ్ అప్పుడు దక్షిణ ఫ్రాన్సులో సాఁ రెమి మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. కబురు అందగానే ఆ పసివాడి కోసం బాదం కొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. నీలాకాశం మీద తెల్లటి పూలు. తమ్ముడి పడకగదిలో పెట్టుకోవడానికని తల్లికి ఉత్తరం రాశాడు. ఆ ప్రాంతంలో చలి ఇంకా వదలకముందే, అన్నిటికంటే ముందు పూసేది బాదం చెట్టు. పుట్టిన పిల్లవాడికి అంతకంటే తగిన చెట్టేముంది? ఆ జులైలో వాన్ గోహ్ చనిపోయాడు. పిల్లవాడు పెరిగి ఇంజనీరై, తమ ఇంట మిగిలిన పెదనాన్న బొమ్మలన్నీ ఒకచోట ఉంచి 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం తెరిపించాడు. బాదం కొమ్మలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ బొమ్మను నేను పుస్తకాల్లో చాలాసార్లు చూశాను. దాని కోణం ఎప్పుడూ పట్టించుకోలేదు. అందులో నేల లేదు, మాను లేదు. చెట్టు కింద వెల్లకిలా పడుకున్నవాళ్ళకు కనిపించినట్టు కొమ్మలు, ఆకాశం. ఉయ్యాల్లోని పిల్లవాడు చూసేదీ అటే. వాన్ గోహ్ అలా అనుకునే వేశాడని నేను చెప్పలేను. నాకు మాత్రం ఒక ప్రశ్న తగులుకుంది. నా బొమ్మ ఎక్కడ నిలబడి వేశాను? సరస్సు గట్టున, కెమెరా పట్టుకున్నవాడి పక్కన. అవ్వ అక్కడ ఎన్నడూ నిలబడలేదు.

రెండో రోజు చిట్టమూరు. బయల్దేరేముందు అవ్వ పెట్టిన షరతు ప్రకారం మొదట మల్లాం వెళ్ళి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో దీపం పెట్టాను. చోళుల నాటి గుడి. ప్రాకారంలో చల్లగా ఉంది. అక్కడ్నుంచి అవ్వ పుట్టిన పల్లెకు ఆటోలో.

ఊళ్ళో అవ్వ వాళ్ళ ఇల్లు లేదు. ఆ సంగతి ముందే తెలుసు. వాళ్ళ పొలం చూపించడానికి వరసకు మామయ్య అయ్యే ఒక పెద్దాయన వెంట వచ్చాడు. "దొరువు యాడుంది మామయ్యా?" అంటే చెయ్యెత్తి చూపించాడు. అటు చూస్తే రొయ్యల గుంట. నలువైపులా గట్టు, నీళ్ళు చిలుకుతూ తిరిగే చక్రాలు, పక్కన మోటారు షెడ్డు.

"దొరువుల్లో నీళ్ళు ఉప్పగయినాయమ్మా. తాగేదానికి పనికిరాకపాయె, పైరుకు పనికిరాకపాయె. పూడ్చినోళ్ళు పూడ్చినారు, గుంటలు తవ్వినోళ్ళు తవ్వినారు."

దొరువు కథ ఆయన చెబితేనే నాకు అర్థమైంది. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో లోతుకు తవ్వితే ఉప్పు నీళ్ళు పడతాయి. అయినా ఆ ఇసుకలోనే పై పొరలో మంచి నీళ్ళుంటాయి. పడిన వాన ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పు నీళ్ళ మీద తేలి నిలబడుతుంది. పాల మీద మీగడ లాగా. దీన్ని డచ్చి ఇంజనీరు గైబెన్, జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బర్గ్ నూరేళ్ళకు పైగా కిందటే విడివిడిగా లెక్కగట్టారు. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచి నీళ్ళు నిలిస్తే, మట్టానికి కింద దాదాపు నలభై అడుగులు మంచి నీళ్ళే ఉంటాయి. పైనున్న ఆ ఒక్క అడుగూ తోడేస్తే కింద నలభై అడుగుల మేర ఉప్పు పైకి వస్తుంది. నెల్లూరు తీరం రైతులకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. వాళ్ళు లోతు బావి తవ్వకుండా, వెడల్పుగా, నాలుగడుగుల్లో నీళ్ళు అందేట్టు ఇసుకలో గుంట తీశారు. అదే దొరువు. అంచు నుంచి నీళ్ళ దాకా వాలుగా దారి. కడవతో దిగడం, ముంచడం, ఎక్కి రావడం.

రొయ్యల సాగు ఈ తీరానికి డబ్బు తెచ్చింది. పెంకుటిళ్ళు మేడలయ్యాయి, పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆ మాట మామయ్యే చెప్పాడు. గుంటల్లోని ఉప్పు పక్క పొలాల్లోకి ఊరుతుందన్న గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996 డిసెంబరు 11 తీర్పులో కోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమ ఉండకూడదంది. తర్వాత 2005లో తీర ప్రాంత ఆక్వా సాగుకు వేరే చట్టం వచ్చింది. ఇంత జరిగినా నీళ్ళు మళ్ళీ తియ్యగా మారిన దొరువు ఒక్కటి కూడా మామయ్య చూపించలేకపోయాడు. "చూడాలంటే తూపిలిపాలెం తట్టు పో, సరుగుడు తోపుల్లో ఉండాయి" అన్నాడు.

వాకాడు మీదుగా సముద్రం వైపు వెళ్ళాను. దారిలో బకింగ్‌హామ్ కాలవ దాటాలి. ఒకప్పుడు దీని మీదే పడవల్లో సరుగుడు కట్టెలు, ఉప్పు మద్రాసుకు వెళ్ళేవి. ఇప్పుడు గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. కాలవ దాటాక ఇసుక నేల, వేరుశనగ, సరుగుడు. ఒక తోపులో ఒకామె లేత సరుగుడు మొక్కలకు నీళ్ళు పోస్తోంది. చేతికో బిందె. ఇసుకలోంచి పైకి వస్తోంది, మళ్ళీ ఇసుకలోకే దిగుతోంది.

అదే దొరువు. పెద్ద పళ్ళెం నేలలో దించినట్టుంది. అంచున తుంగ, రెండు తాటిచెట్లు, అడుగున ఇంటి గదంత నీళ్ళు. ఆ నీళ్ళది కడుగు రంగు. చూడగానే నిస్పృహ కలిగింది. ఇందులో బొమ్మకేముంది? అవతలి ఒడ్డున కూర్చుని ఒక స్కెచ్చు, తాటిచెట్టు కింద నుంచి ఒక స్కెచ్చు వేశాను. రెండూ నీళ్ళ గుంటల్లాగే ఉన్నాయి.

రంగులు కలపడానికి నీళ్ళు కావాలి. నా సీసా ఖాళీ. ఆమెను అడిగితే "ముంచుకో మే, దానికి అడిగేదేముంది" అని బిందె చేతికిచ్చింది. వాలు దిగి, అంచున కాళ్ళు ఆన్చుకుని, వంగాను.

నీళ్ళలో గూడబాతులు పోతున్నాయి.

ఏడెనిమిది ఉంటాయి. రెక్కలు కదల్చకుండా, వరసగా, నా మొహం మీదుగా, తాటాకుల నీడ దాటి, ఇంకో అంచు దాకా. తల ఎత్తే లోపల పోయాయి. పైన ఉత్త ఆకాశం. మళ్ళీ వంగి అట్లాగే ఉన్నాను. నడుం లాగుతోంది. ఇంకో రెండు వచ్చాయి, చాలా ఎత్తున. కడుగు నీళ్ళ మీద బూడిద రంగు గీతల్లాగా.

ఏడెనిమిదేళ్ళ పిల్ల పొద్దున్నుంచి కడవలు మోస్తుంటే ఆకాశం చూసే తీరికెక్కడిది? చూస్తే కడవ ఒలుకుతుంది. పెద్దవాళ్ళు కేకలేస్తారు. వంగి ముంచేటప్పుడు ఆ ఒక్క క్షణం నీళ్ళలో ఏది కనిపిస్తే అదే చూడటం. అవ్వ గూడబాతులను చెట్ల మీద చూసి ఉండదు. ఆవిడ బాల్యంలో అవి దొరువులోనే ఎగిరాయి. ఆమె నాకు తప్పు చెప్పలేదు. నేను నిలబడి విన్నాను.

అక్కడే, ఆ బిందె నీళ్ళతోనే వేశాను. ఒడ్డు లేదు, చెట్టు మొదలు లేదు, దిగంతం లేదు. కాయితమంతా నీళ్ళే. ఒక మూల తాటాకు నీడ, కింద అంచున కడవ మూతి వంపు కాస్త, మధ్యలో తలకిందులుగా పోతున్న మూడు గూడబాతులు. ఎండ వాలే వేళకు పూర్తయింది. కడిగిన కుంచె నాలుక మీద పెట్టుకోవడం నాకు పాత దురలవాటు. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి గానీ చివర్లో కాస్త ఉప్పు తగిలింది. ఒక సీసాలో నింపుకున్నాను. ఆమె వచ్చి బొమ్మ చూసి ఏమీ అనలేదు. కడవ మూతి మీద వేలు పెట్టి, "ఇది మాదే" అంది.

హైదరాబాదులో బొమ్మను ఆ గోడకు ఎదురుగా, మంచంలోంచి కనిపించేట్టు తగిలించాం. మా చెల్లెలు చూసి, "అక్కా, ఫ్రేము తిరగేసి కట్టాడు, పక్షులు తలకిందులుగా ఉన్నాయి" అంది. అవ్వ నవ్వింది.

"దానికేం తెలుసు. కడవ ముంచినోళ్ళకు తెలస్తది."

ఆ తర్వాత ఆవిడ పక్షుల గురించి అడగలేదు. నీళ్ళు తియ్యగా ఉన్నాయా అని అడిగింది. చివర్లో కాస్త ఉప్పగా ఉన్నాయని నిజం చెప్పి, సీసా చూపించాను. మూత తీసి, అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని నాలుకకు తాకించింది.

"లోతుకు ముంచినట్టుండావు. దొరువులో కడవ ముంచకూడదు పాపా. వాల్చి పట్టుకుని పైపైన నీళ్ళు తీసుకోవాల. మా అమ్మ మొదట నేర్పింది అదే."

ఆ తీరంలో ఇప్పుడు మంచి నీళ్ళ కోసం బోర్లు వేస్తున్నారు. ఏటేటా ఇంకాస్త లోతుకు.